లోతు ‘బిగ్’ కాదట

పద్నాలుగో పేజీల
నేను రాసుకున్న ‘బిగ్ డెప్త్’ మీద
ఖలీల్ సారు ఎర్రగీత పెట్టిండు.

అన్నెపర్తి క్యాంపస్‌ల కరెంటు పోయిన పగటి పూట
కిటికీ రెక్క తెరిచి, కుర్చీ జరుపుకొని చెప్పిండు:
ఉష్ణోగ్రత వేడిగ ఉండదు, అండాలమ్మా.
వేడిగుండేది నీళ్లు.
ఉష్ణోగ్రత హై ఉంటది.
వేగం ఉరకదు, ఉరికేది బస్సు.
వయసు ముసలిది కాదు, ముసలిది మనిషి.
పీడనం హై. పరిమాణం లార్జ్.
లోతుకు గ్రేట్ పెట్టు.

గ్రేటంటే గొప్ప గద సార్, అన్న.
ఎండిన బోరుకు గొప్పతనమేంది?

గొప్ప కాదు, చాలా అని.
అని, ఇంకో పేజీ తిప్పిండు.

నాకు తెలిసిన కొలతలన్నీ
ఒంటికి అంటుకోనే పుట్టినయి.
పిడికెడు గింజలు, దోసెడు నీళ్లు,
జానెడు సాలు, మోకాలి మంటి బురద,
బారెడెక్కిన పొద్దు.
ఎవరి పిడికిలి, ఎవరి బార
అని అడిగినోడు మా ఊర్ల లేడు.
సైన్సుకు ముందుగాల కావాల్సింది ఆ ఎవరిదో.
కాదు,
ఎవరిదీ కాకపోవుడు.

చందంపేట దిక్కు ముప్పై ఆరు బోర్లు కొలిచినం.
టేపు పట్టింది కుర్మన్న.
పాలమూరు మనిషి, గుత్తకు బాయిలు తవ్విన ఇంటోడు.
ఇనుప గుండు కట్టి టేపు జారవిడిచి
మీటర్లు చదువుతడు నాకోసం.
తనకోసం ఇంకోటి అనుకుంటడు, పెదిమల్లనే.
ఏందన్నా అది, అంటే
మట్లు, అన్నడు.
మా అయ్య పదకొండు మట్ల బాయి తవ్విండు.
మట్టంటే మనిషి నిలబడి చెయ్యెత్తినంత.
పదకొండు మంది ఒకరి మీద ఒకరు నిలబడ్డట్టు లెక్క.

మరి దీన్ల ఎన్ని మట్లు?

నవ్విండు.
ఆరున్నర ఇంచుల బొక్క బిడ్డా ఇది.
మనిషి దిగని కాడికి
మట్టు మాత్రం ఎట్ల దిగుతది?

తండాల చాందీబాయి
నా నోటుబుక్కు మీదికి వంగి చూసింది.
చదువురాదు గని అంకెలు ఎరుకనే,
కరెంటు బిల్లు నేర్పింది.
పోయినేడు నలభై ఒకటి,
ఈ ఏడు అరవై ఎనిమిది.
పెరిగిందా, అంది.
పెరిగింది, అన్న.
నీళ్లా?
కాదు, నీళ్లకాడికి పోయే దూరం.
మరి పెరిగిందంటవేంది, అని
బిందె చంకకెత్తుకొని పోయింది.

ఆ రాత్రి దేవరకొండ లాడ్జిల
రెండు వాక్యాలు పక్కపక్కన రాసుకున్న.
డెప్త్ గ్రేట్ ఐతె
వాటర్ లెవెల్ లో.
ఒకటే బోరు, ఒకటే అంకె.
ఇటు నుంచి చూస్తె ఎక్కువ
అటు నుంచి చూస్తె తక్కువ.
రెంటికీ సారు టిక్కు పెడ్తడు.
చాందీబాయి దేనికి పెడ్తదో తెల్వక
లైటు ఆర్పేసిన.

ఆఖరి బోరు గుట్టకింద.
వంద మీటర్ల టేపు ఒడిసిపోయింది.
గుండు ఇంక ఊగుతనే ఉంది, దేనికీ తాకక.
కుర్మన్న చిన్న రాయి తీసి ఇడిచిండు.
మోకాళ్ల మీద కూసొని చెవి పెట్టిండు.
నేను ఫోన్ల సెకండ్లు చూస్తున్న.
రెండు.
నాలుగు.
ఎవుసం లేని చెలకల తీతువు పిట్ట ఒకటి అరిచి ఊకుంది.
తొమ్మిది.

ఎంతన్నా?
మస్తు, అన్నడు లేవకుండనే.

గడిల మస్తు అని రాయరాదు.
సున్న పెడితె అబద్ధం.
వంద పెడితె అదీ అబద్ధమే,
జర చిన్నది.
అడ్డగీత ఒకటి గీసిన.
హై కాదు, లో కాదు, లార్జ్ కాదు, గ్రేట్ అసలే కాదు.

వారం దినాలకు పేపరు తిరిగొచ్చింది.
‘బిగ్’లన్నీ పోయినయి,
వాక్యాలు ఉతికి ఇస్త్రీ చేసినట్టున్నయి.
నా అడ్డగీత మాత్రం అట్లనే ఉంది.
దాని పక్కన ఎర్ర సిరాతోటి
సారు అడిగింది ఒక్కటే:

యూనిట్ ఏది?